ఇంటి వైఫైకి పేరు దాచితే రక్షణ వస్తుందా?

మీ ప్రశ్నలో మూడు చిక్కులు కలిసి ఉన్నాయి. రౌటర్ చూపే పరికరాల జాబితాలో గుర్తు తెలియని పేరు ఒకటి కనిపించడంతో మీరు వైఫై పేరు బయటికి కనబడకుండా దాచారు. ఇంట్లోని పరికరాల మ్యాక్ చిరునామాలకు (ప్రతి పరికరాన్నీ నెట్‌వర్క్‌లో గుర్తుపట్టే సంఖ్యలకు) మాత్రమే ప్రవేశం ఉండేలా ఒక జాబితా పెట్టారు. పాస్‌వర్డ్‌ను మాత్రం మార్చలేదు, అది మీ పది అంకెల ఫోన్ నంబరు. అప్పటి నుంచి ఇంట్లోవాళ్ల ఫోన్లు అప్పుడప్పుడు నెట్‌వర్క్‌లో చేరడం మానేస్తున్నాయి. వెనుక గదికి సిగ్నల్ మొదటి నుంచీ సరిగా అందడం లేదు. భద్రత కోసం ఇంకేం చేయాలని అడిగారు. నా సమాధానం ముందే చెబుతాను: మీరు కొత్తగా చేసిన రెండు పనులనూ వెనక్కి తీసుకోండి, ముట్టుకోకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌ను మార్చండి. కారణాలు కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకుండా మార్చిన సెట్టింగు రేపు కొత్త రౌటర్ వచ్చిన రోజున మళ్లీ మొదటికి వస్తుంది.

పేరు దాచడం అంటే రౌటర్ సెకనుకు సుమారు పదిసార్లు గాలిలోకి పంపే ప్రకటనలో పేరు ఉండాల్సిన చోటును ఖాళీగా వదిలేయడం మాత్రమే. మీ ఫోన్ నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు మాత్రం ఆ పేరును ఏ మరుగూ లేకుండా పలికి తీరాలి. ఆ సమయంలో చెవి ఒగ్గి వింటున్న ఏ ల్యాప్‌టాప్‌కైనా అది దొరుకుతుంది. దీనికి తోడు ఒక నష్టం కూడా ఉంది. దాచిన నెట్‌వర్క్ దగ్గరలో ఉందో లేదో ఫోన్‌కు దానంతటదే తెలియదు కాబట్టి, మీరు ఇల్లు దాటి ఎక్కడికి వెళ్లినా అది ఆ పేరును పిలుస్తూ వెతుకుతూ ఉంటుంది. ఇంట్లో దాచిన పేరును మీ ఫోనే వీధిలో చెప్పుకుంటూ తిరుగుతుందన్నమాట.

మ్యాక్ చిరునామాల జాబితా సంగతీ ఇంతే. వైఫైలో ఎంత బలమైన ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే ఏర్పాటు, ఉన్నా, గాలిలో వెళ్లే ప్రతి సమాచార ముక్క (ప్యాకెట్) మీద ఎవరి నుంచి ఎవరికి అన్న చిరునామా బహిరంగంగానే ఉంటుంది, ఉత్తరం లోపల విషయం మూసి ఉన్నా కవరు మీద చిరునామా కనిపించినట్టు. అనుమతి ఉన్న ఒక చిరునామాను గాలిలో చూసి తన పరికరానికి పెట్టుకోవడం తెలిసినవాడికి ఒక్క నిమిషం పని. ఇక మీ ఇంటి ఫోన్లు ఎందుకు బయటే ఆగిపోతున్నాయంటే, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు తమ అసలు మ్యాక్ చిరునామాను దాచి ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత చిరునామాను వాడుతున్నాయి. మనుషుల కదలికలను ఎవరూ వెంటాడకుండా చేసిన మంచి ఏర్పాటు అది. నెట్‌వర్క్‌ను ఫోన్‌లో ఒకసారి తీసేసి మళ్లీ కలిపినా, కొన్ని ఫోన్లలో కొన్నాళ్లు గడిచినా, ఆ చిరునామా మారవచ్చు. అప్పుడు మీ జాబితా మీ ఇంటివాళ్లనే పరాయివాళ్లుగా లెక్కిస్తుంది. దొంగకు అడ్డం కానిది, ఇంటివాళ్లకు అడ్డమైనది అయిన ఈ ఏర్పాటును ఉంచుకోవడంలో నాకు ప్రయోజనం కనిపించడం లేదు.

నిజమైన తాళం ఎన్‌క్రిప్షన్. 1997లో వైఫై ప్రమాణంతో పాటే వచ్చిన వెప్ అనే పద్ధతిని 2001లోనే పరిశోధకులు ఛేదించారు. 2007 నాటికి దాన్ని ఒక నిమిషం లోపే విప్పగలిగే మార్గం ప్రచురితమైంది. 2003లో తాత్కాలికంగా డబ్ల్యూపీఏ, 2004లో ఏఈఎస్ అనే బలమైన ఎన్‌క్రిప్షన్ ఆధారంగా డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. రౌటర్ సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంచుకోగలిగితే అదే ఎంచుకోండి. ఇంట్లో పాత పరికరాలు ఉండి అది కుదరకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసి ఉండే మిశ్రమ పద్ధతి పెట్టుకోవచ్చు. అదీ లేకపోతే ఏఈఎస్‌తో కూడిన డబ్ల్యూపీఏ2 ఇప్పటికీ పనికొస్తుంది. టీకేఐపీ (మొదటి డబ్ల్యూపీఏ నాటి ఎన్‌క్రిప్షన్) అన్న మాట కనిపించే ఏ ఎంపికనూ ముట్టుకోవద్దు. అది భద్రతలో పాతబడింది, పైగా దాని మీద కలిసిన పరికరం వేగం సెకనుకు 54 మెగాబిట్లు దాటదు. కొత్త రౌటర్ నెమ్మదిగా ఉందని నా దగ్గరకు వచ్చిన కొన్ని ఫిర్యాదులు ఈ ఒక్క ఎంపికను మార్చడంతోనే తీరిపోయాయి.

అయితే డబ్ల్యూపీఏ2 పనికొస్తుందని నేను అన్నది పాస్‌వర్డ్ బలంగా ఉంటేనే. మీ విషయంలో ముఖ్యమైనది ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఒక ఫోన్ రౌటర్‌తో కలిసేటప్పుడు ఆ రెండింటి మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. వాటిలో పాస్‌వర్డ్ నేరుగా ఉండదు, కానీ ఊహించిన పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చుకోవడానికి సరిపడే ఆధారం ఉంటుంది. మీ గోడ అవతల కూర్చున్న వ్యక్తి ఆ నాలుగు సందేశాలను రికార్డు చేసుకుంటే చాలు. ఆ తరువాత అతనికి మీ రౌటర్‌తో పని లేదు, మీకు ఏ హెచ్చరికా రాదు, తన కంప్యూటర్ మీద తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్‌నూ వేసి చూసుకుంటాడు. ప్రతి ప్రయత్నానికీ 4,096 సార్లు లెక్క తిప్పాల్సి వచ్చేలా డబ్ల్యూపీఏ2ను రూపొందించారు గానీ, ఆటల కోసం కొనే శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే ఇప్పుడు సెకనుకు పది లక్షలకు పైగా ప్రయత్నాలు చేయగలదు.

ఈ వేగంతో మీ పాస్‌వర్డ్‌ను లెక్కగట్టి చూడండి. పది అంకెలతో ఏర్పడగల సంఖ్యలు మొత్తం 1,000 కోట్లు. సెకనుకు పది లక్షల చొప్పున అన్నింటినీ వేసి చూడటానికి పట్టేది 10,000 సెకన్లు, అంటే మూడు గంటల కంటే తక్కువ. ఫోన్ నంబర్లు ఏయే అంకెలతో మొదలవుతాయో తెలిసినవాడికి ఇంకా తక్కువ సమయం చాలు. పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లో పెడితే రెండు నిమిషాలు కూడా పట్టదు. పేరు చివర 123, మొదటి అక్షరం పెద్దది, ఆంగ్ల a అక్షరం బదులు @ గుర్తు వంటి మార్పులు కొత్తవేమీ కావు. ఛేదించే ప్రోగ్రాములు మొదట వేసి చూసేవే అవి.

దీనికి విరుగుడు పొడవు, దానితో పాటు యాదృచ్ఛికత. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌లో 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు. నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది: ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు మాటలను పాచికలు వేసి ఎంచుకోవడం. ఐదు పాచికలు ఒకసారి వేస్తే 7,776 ఫలితాల్లో ఒకటి వస్తుంది కాబట్టి అన్ని మాటలున్న జాబితాలు ఈ పని కోసమే తయారై ఉన్నాయి. అలా ఐదు మాటలు తీస్తే, జాబితా ఏదో దొంగకు తెలిసినా సరే, పైన చెప్పిన వేగంతో అన్నింటినీ వేసి చూడటానికి సుమారు తొమ్మిది లక్షల ఏళ్లు పడుతుంది. నాలుగు మాటలకు అది 116 ఏళ్లకు పడిపోతుంది. వంద కార్డులు ఉన్నవాడికి అది ఏడాది పైచిలుకు పని. అందుకే ఐదు అంటున్నాను. మాటలను మనసులోంచి ఎంచుకోవద్దు. మనకు తోచే మాటలు మనం అనుకున్నంత విడ్డూరమైనవి కావు. ఆ పాస్‌వర్డ్‌లో తెలుగు లిపి చెల్లదు, కీబోర్డు మీది ఆంగ్ల అక్షరాలు, అంకెలు, గుర్తులు మాత్రమే చెల్లుతాయి. తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాల్లో రాయాలనుకుంటే, ఒకే రకంగా రాయడానికి వీలున్న మాటలను ఏరండి. దీర్ఘాలు, ఒత్తులు ఉన్న మాటను ఇంట్లో నలుగురు నాలుగు విధాలుగా రాస్తారు, తరువాత వైఫై కలవడం లేదని మిమ్మల్నే పిలుస్తారు.

డబ్ల్యూపీఏ3లో ఈ రికార్డు చేసుకుని ఛేదించే దారిని మూసివేశారు. ప్రతి ఊహకూ రౌటర్‌తో కొత్తగా మాట్లాడాల్సి వస్తుంది. కానీ మిశ్రమ పద్ధతిలో ఒక్క పాత పరికరం డబ్ల్యూపీఏ2 మీద కలిసినా పాత దారి తెరిచే ఉంటుంది, రెండింటికీ పాస్‌వర్డ్ ఒకటే కాబట్టి. కాబట్టి డబ్ల్యూపీఏ3 ఉందన్న ధైర్యంతో బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టవద్దు.

నెట్‌వర్క్ పేరును దాచవద్దన్నాను గానీ దాన్ని మార్చాలి. పాస్‌వర్డ్ నుంచి తాళంచెవిని తయారుచేసే లెక్కలో ఆ పేరు కూడా కలుస్తుంది; లక్షల ఇళ్లలో ఒకేలా ఉండే ఫ్యాక్టరీ పేర్లకు ముందుగానే లెక్కగట్టి పెట్టిన పట్టికలు తిరుగుతున్నాయి. మీకే ప్రత్యేకమైన పేరు పెడితే ఆ పట్టికలు వృథా అవుతాయి. అందులో మీ పేరు, ఇంటి నంబరు ఉండకూడదు. తెలుగులో పేరు పెట్టుకోవాలన్న ముచ్చట ఉంటే పెట్టుకోవచ్చు, కానీ పేరుకు 32 బైట్లే చోటు ఉంది, తెలుగులో ఒక్కో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పోతాయి కాబట్టి పది గుర్తులతో సరిపెట్టుకోవాలి; కొన్ని పాత పరికరాలు దాన్ని చదవలేవు కూడా.

ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా దాన్ని పక్కదారి పట్టించేది డబ్ల్యూపీఎస్. మీట నొక్కితే కలిసే ఆ సౌకర్యంలో ఎనిమిది అంకెల పిన్ పద్ధతి కూడా ఉంటుంది. రౌటర్ ఆ పిన్‌ను రెండు సగాలుగా విడివిడిగా సరిచూస్తుందని, చివరి అంకె కేవలం సరిచూపు అంకె అని, అందువల్ల 10 కోట్లకు బదులు గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలతో అది దొరికిపోతుందని 2011 డిసెంబరులో బయటపడింది. తరువాతి రౌటర్లలో కొంత కట్టడి చేశారు గానీ, ఇంట్లో ఏడాదికి రెండుసార్లు కూడా అవసరం పడని ఆ సౌకర్యాన్ని పూర్తిగా ఆపివేయడమే మంచిది.

ఇప్పుడు రౌటర్ లోపలి తాళం గురించి చెప్పాలి. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్లడానికి వాడే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెండోదాన్ని చాలామంది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేస్తారు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము అరవైకి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా ఒక్కటే ఆయుధంగా లక్షల కెమెరాలనూ రౌటర్లనూ వశం చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరులో ఆ సైన్యంతో జరిగిన దాడికి అమెరికా, ఐరోపాలలో పేరున్న వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అన్నది 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లలో, నిల్వ పరికరాల్లో చొరబడినట్టు తేలింది. ఆ రౌటర్ల యజమానులు ఎవరి కంటబడేంత ముఖ్యులూ కాదు. దొంగకు కావలసింది మీరు కాదు, ఎప్పుడూ వెలుగుతూ ఇంటర్నెట్‌కు కలిసి ఉండే మీ పెట్టె.

దగ్గరి బంధువుల ఇంట్లో నేను స్వయంగా చూసిన సంగతి ఇక్కడ చెప్పాలి. బ్యాంకు వెబ్‌సైట్ తెరిచినప్పుడల్లా బ్రౌజరు భద్రతా హెచ్చరిక చూపుతోందని పిలిచారు. కంప్యూటర్లో తప్పేమీ దొరకలేదు. రౌటర్ పేజీ తెరిస్తే, వెబ్‌సైట్ పేరుకు సరైన చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వరు స్థానంలో ఎవరిదో తెలియని నంబరు ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీదే. అంటే ఇంట్లోని ప్రతి పరికరమూ దారి అడుగుతున్నది ఒక మోసగాడినే. ఆ హెచ్చరికను పట్టించుకోకుండా ముందుకు వెళ్లకపోవడం వాళ్ల అదృష్టం కాదు, జాగ్రత్త. ఆ రౌటర్‌ను వెనుకనున్న చిన్న రంధ్రంలోని మీటతో పూర్తిగా రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, కొత్త పాస్‌వర్డ్‌లు పెట్టాకే మళ్లీ కేబులు తగిలించాను. మీరు కూడా నెలకొకసారి ఆ డీఎన్ఎస్ గడిని ఒకసారి చూడండి.

అదే పేజీలో బయటి ఇంటర్నెట్ నుంచి రౌటర్‌ను నడిపించే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపివేయండి. యూపీఎన్‌పీ కూడా ఆపివేయమంటాను. ఇంట్లో ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండానే బయటికి తలుపు తెరుచుకోవడానికి అది వీలిస్తుంది. ఆన్‌లైన్ ఆటలు ఆడే పిల్లలు ఉంటే దానివల్ల కొంత ఇబ్బంది రావచ్చు, అప్పుడు ఆ ఆటకు అవసరమైన పోర్టు (బయటికి తెరిచే ఆ తలుపు నంబరు) ఒక్కటే తెరవండి. ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 ఉంటే దాని ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే కాపలా) పనిచేస్తోందో లేదో చూడండి, పాత ఐపీవీ4లో చిరునామాల మార్పిడి వల్ల యాదృచ్ఛికంగా దొరికే మరుగు అక్కడ ఉండదు. ఫర్మ్‌వేర్ దానంతటదే నవీకరించుకునేలా పెట్టండి. 2017లో డబ్ల్యూపీఏ2లోనే బయటపడిన క్రాక్ అనే లోపం పాస్‌వర్డ్ మార్చడం వల్ల కాదు, సాఫ్ట్‌వేర్ నవీకరణల వల్లే పూడింది. తయారీదారు నవీకరణలు ఆపేసిన రౌటర్ చూడటానికి ఎంత బాగా పనిచేస్తున్నా దాన్ని మార్చడమే నా సలహా.

వెనుక గది విషయానికి వస్తాను. కొత్త పరికరం కొనే ముందు ఉన్నదాన్ని జరిపి చూడండి. రౌటర్ ఇంటి మధ్యలో, నిలబడిన మనిషి తల ఎత్తులో, ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల తొట్టి లేని చోట ఉండాలి. లోహం తరంగాన్ని వెనక్కి కొడుతుంది, నీరు పీల్చుకుంటుంది. అద్దం వెనుక పూత కూడా లోహమే. నిటారుగా నిలబెట్టిన యాంటెన్నా చుట్టుపక్కలకు బాగా ప్రసారం చేస్తుంది, తన కొన ఉన్న దిక్కుకు దాదాపు ఏమీ పంపదు. పై అంతస్తుకు సిగ్నల్ కావాలంటే రెండు యాంటెన్నాల్లో ఒకదాన్ని అడ్డంగా వంచండి. ప్రసార శక్తి పెంచితే సరిపోతుందని అనుకోవద్దు, ఫోన్ గొంతు చిన్నది, రౌటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ చెప్పే జవాబు దానికి వినబడాలి కదా.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను దాటి దూరం పోతుంది కానీ రద్దీ ఎక్కువ. బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, గోడ అంటే భయం. 2.4లో ఛానెళ్లు ఐదేసి మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటాయి గానీ ఒక్కో ప్రసారం 20 మెగాహెర్ట్జ్ మేర పరుచుకుంటుంది, కాబట్టి ఒకదాని మీద ఒకటి పడకుండా కుదిరేవి 1, 6, 11 మాత్రమే. పక్కింటివాళ్లు 1 మీద, ఇంకొకరు 6 మీద ఉన్నారని మీరు మధ్యలో 3 ఎంచుకుంటే ఇద్దరికీ చెడ్డవుతారు. ఒకే ఛానెల్లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు వేసుకుంటాయి. సగం మాత్రమే కలిసే ఛానెల్లో ఉన్నవాటికి ఎదుటిదాని మాట అర్థంకాని రొదగానే వినిపిస్తుంది. 2.4లో వెడల్పు 20 దగ్గరే ఉంచండి.

ఫోన్‌లో సిగ్నల్ కొలిచే ఆప్ ఒకటి వేసుకుని గది గదికీ నడవండి. అంకె మైనస్ 67 డెసిబెల్-మిల్లీవాట్ల కంటే సున్నాకు దగ్గరగా ఉంటే వీడియో కాల్‌కు కూడా ఇబ్బంది ఉండదు. మైనస్ 80 దాటితే రౌటర్ కనిపిస్తుందే గానీ పని జరగదు. అన్ని మార్పులూ చేశాక కూడా వెనుక గదిలో అంకె బాగుపడకపోతే, అక్కడికి ఒక ఈథర్‌నెట్ కేబులు లాగి రెండో యాక్సెస్ పాయింట్ (కేబులు నుంచి వైఫై ప్రసారం చేసే పెట్టె) పెట్టడం అన్నింటికన్నా మేలైన మార్గం. మామూలు క్యాట్ 5ఈ కేబులే 100 మీటర్ల వరకు సెకనుకు ఒక గిగాబిట్ మోస్తుంది. సిగ్నల్‌ను గాలిలోనే అందుకుని ముందుకు పంపే రిపీటరు, ఒకే రేడియో ఉన్నదైతే, ప్రతి మాటనూ ఒకసారి విని మరోసారి చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. దాన్ని సిగ్నల్ చచ్చిన గదిలోనే పెట్టి పనిచేయడం లేదనేవాళ్లు చాలామంది. వినబడే చోట, అంటే సగం దారిలో పెడితేనే అది తిరిగి చెప్పగలదు.

ఇంట్లోకి వచ్చే చుట్టాల ఫోన్లకు, అలాగే కెమెరాలు, బల్బులు, ప్లగ్గుల వంటి వాటికి గెస్ట్ నెట్‌వర్క్ తెరవండి. దానికి పాస్‌వర్డ్ వేరుగా ఉండాలి, అందులోని పరికరాలు మీ కంప్యూటర్‌ను చూడకుండా ఉండే ఐసొలేషన్ ఎంపికను ఆన్ చేయాలి. ఈ చిన్న పరికరాల్లో చాలావాటికి 2.4 మాత్రమే తెలుసు, కొన్నింటికి డబ్ల్యూపీఏ3 తెలియదు. వాటి కోసం ఇంటి ముఖ్య నెట్‌వర్క్ స్థాయిని దించాల్సిన అవసరం ఇలా తప్పుతుంది. టీవీని మాత్రం ఎక్కడ పెట్టాలన్నది మీరే తేల్చుకోవాలి: గెస్ట్‌లో పెడితే ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపడం కుదరకపోవచ్చు. నేనైతే నవీకరణలు ఇంకా వస్తున్న టీవీని ముఖ్య నెట్‌వర్క్‌లోనే ఉంచుతాను.

చివరగా, మీకు కనిపించిన ఆ గుర్తు తెలియని పేరు. అది దొంగదే కావాలని లేదు. కల్పిత చిరునామా వాడే ఫోన్, చిప్ తయారీదారు పేరుతో కనిపించే బల్బు, ఎప్పుడో కలిపి మరచిపోయిన ప్రింటరు కూడా అలాగే కనిపిస్తాయి. తేల్చుకోవడానికి ముందుగా డబ్ల్యూపీఎస్ ఆపి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఆ తరువాత వైఫై పాస్‌వర్డ్ మార్చండి. ఈ వరుస తప్పవద్దు, లేకపోతే కొత్త పాస్‌వర్డ్ కూడా పాత దారిలోనే బయటికి పోవచ్చు. వైఫై పాస్‌వర్డ్ మారగానే అన్ని పరికరాలూ ఒక్కసారిగా తెగిపోతాయి. ఒక్కో పరికరాన్నీ కలుపుతూ, రౌటర్ జాబితాలో అది ఏ పేరుతో వచ్చిందో కాగితం మీద రాసుకుంటూ, వీలున్నచోట ఆ పేరును మీకు అర్థమయ్యేలా మార్చండి. అన్నీ కలిపాక కలవకుండా మిగిలిన పరికరం ఇంట్లో ఏదీ లేకపోయి, ఆ పాత పేరు కూడా తిరిగి కనిపించకపోతే, అది బయటివాళ్లదే అయి ఉంటుంది, దాని దారి మూసుకుపోయినట్టే. కొత్త పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకపోయినా కొన్నాళ్లకు మీ కాగితంలో లేని పేరు మళ్లీ వస్తే మాత్రం రౌటర్‌నే అనుమానించి, పూర్తిగా రీసెట్ చేసి, తయారీదారు వెబ్‌సైట్ నుంచి తెచ్చుకున్న ఫర్మ్‌వేర్‌తో మొదటి నుంచి అమర్చండి.